బ్యాంకాక్‌లో మా కొలతలు
(పింఛనుదార్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెబుతూ, పింఛను ప్రభుత్వం దయతలచి ఇచ్చే బహుమానం కాదనీ, చేసిన సేవకు రావలసిన హక్కనీ తేల్చింది. ఆ హక్కును కాపాడుకోవటం గురించి చెప్పగలవారు వేదిక మీద చాలామంది ఉన్నారు. నాకు మాత్రం కార్యదర్శిగారు తేలిక పని అప్పజెప్పారు. "మీ దంపతులు బ్యాంకాక్ వెళ్ళి బట్టలు కుట్టించుకొచ్చారట గదా, ఆ విశేషాలు ఓ పావుగంట చెప్పండి" అన్నారు. సరేనన్నాను. అయితే చెప్పవలసిన అసలు సంగతి మా ఆవిడకు సంబంధించింది. ఆవిడ అనుమతి తీసుకునే చెబుతున్నాను.

మా అమ్మాయి, అల్లుడుగారు ఉద్యోగరీత్యా కొన్నేళ్ళుగా బ్యాంకాక్‌లో ఉంటున్నారు. ఏటా రమ్మంటారు, ఏటా నేనేదో వంక చెబుతాను. చివరకు 2023 జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన వారానికి, అమ్మాయి మమ్మల్ని అడగకుండానే టిక్కెట్లు పంపించింది. బెజవాడ నుంచి హైదరాబాదు వెళ్ళి అక్కడ విమానం ఎక్కాం. మూడున్నర గంటల ప్రయాణం. మన బెజవాడ నుంచి రోడ్డు మీద హైదరాబాదు వెళ్ళటానికే అంతకంటే ఎక్కువసేపు పడుతుంది.

దిగీ దిగగానే ఆశ్చర్యం. విమానాశ్రయం పేరు సువర్ణభూమి. లోపల క్షీరసాగర మథనం శిల్పం, ఇటు దేవతలు, అటు రాక్షసులు, మధ్యన వాసుకి. ఆ ఊరిని అక్కడివాళ్ళు బ్యాంకాక్ అనరు, క్రుంగ్ థెప్ అంటారు. దేవతల నగరం అని అర్థమట. 1782లో దాన్ని రాజధానిగా చేసుకున్న రాజును మొదటి రాముడు అంటారు. ఆ వంశంలో రాజులందరూ రాములే. రోడ్లకు కూడా ఆ పేర్లే. "నాలుగో రాముడి రోడ్డు మీద ట్రాఫిక్ ఎక్కువ" అని అల్లుడుగారు అంటుంటే మా ఆవిడ చెంపలు వేసుకుంది.

గ్రాండ్ ప్యాలెస్ ఆవరణలో మరకత బుద్ధుడి గుడి ఉంది. చుట్టూ వసారా గోడల మీద 178 చిత్రాల్లో రామాయణం మొత్తం గీశారు. వాళ్ళు రామకియన్ అంటారు. హనుమంతుడు వాళ్ళ కథలో బ్రహ్మచారి కాదని అమ్మాయి చెబితే మా ఆవిడకు నచ్చలేదు. ఆ ఆవరణలోకి పొట్టి లాగూలతో, భుజాలు కనబడే బట్టలతో రానివ్వరు. నిండుగా బట్ట కట్టుకున్న మా ఆవిడను కాపలావాడు చిరునవ్వుతో లోపలికి పంపాడు. పక్కనే వాట్ ఫో గుడిలో పడుకున్న బుద్ధుడు 46 మీటర్ల పొడవు, 15 మీటర్ల ఎత్తు. అరికాళ్ళ మీద ముత్యపు చిప్పతో 108 మంగళ చిహ్నాలు తాపడం చేశారు. నది అవతల వాట్ అరుణ్, మన అరుణుడి పేరే. మెట్లు బాగా నిటారుగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్నవారు మాలాగా కింద కూర్చుని చూస్తే చాలు.

ఇక బట్టల సంగతి. ఆ ఊళ్ళో ఏ పెద్ద రోడ్డుకు వెళ్ళినా దర్జీ దుకాణాలు కనబడతాయి. చాలావాటి యజమానులు మన దేశం నుంచి వెళ్ళిన కుటుంబాలవారు. గుమ్మంలో నిలబడి హిందీలో పిలుస్తారు. ఒకరోజు మేమిద్దరమే బయటికి వెళితే టుక్‌టుక్ బండివాడు అడక్కుండానే ఒక దుకాణం ముందు దింపాడు. బండివాడికి కమీషను ఉంటుందని నాకు తర్వాత తెలిసింది. "సార్, 24 గంటల్లో సూటు" అన్నాడు లోపలివాడు. నాకు కాలరు సరిచేసి అద్దం ముందు నిలబెట్టాడు. సర్వీసులో ఉండగా నేనెప్పుడూ సూటు వేసుకోలేదు. ఆశ పుట్టింది, అడ్వాన్సు ఇచ్చేశాను. మర్నాడు సూటు వచ్చింది. ఒక భుజం ఉబ్బింది, వీపున ముడత. లోపలి గుడ్డను కుట్టకుండా జిగురుతో అంటించారు. ఇంటికొచ్చాక ఒకసారి డ్రైక్లీనింగుకి ఇస్తే ఛాతీ మీద అప్పడంలాగా పొంగింది. బెజవాడ ఎండల్లో సూటు ఎందుకని మా ఆవిడ ముందే అన్నది. ఇప్పుడది కలరా ఉండలతో సహా బీరువాలో విశ్రాంతి తీసుకుంటోంది.

అమ్మాయి చీవాట్లు పెట్టి, మర్నాడు మమ్మల్ని పహురత్ అనే బజారుకు తీసుకెళ్ళింది. అది అక్కడి బట్టల బజారు. మన వన్‌టౌన్ సందులు గుర్తుకొచ్చాయి. మధ్యలో సిక్కుల గురుద్వారా, దానికి బంగారు రంగు గుమ్మటం. అక్కడ చీరల దుకాణాలు, జాకెట్లు కుట్టేవాళ్ళు కూడా ఉన్నారు.

మా ఆవిడ బెజవాడ నుంచే బట్ట తీసుకొచ్చింది. పెడనలో కొన్న కలంకారీ. కరక్కాయ నీళ్ళల్లో నానబెట్టి, చెక్క అచ్చులతో అద్ది, మన కృష్ణా కాలువ నీళ్ళల్లో ఉతికిన బట్ట. "ఇక్కడ దొరకని బట్టా?" అని నేను నవ్వితే, అమ్మాయి ఓ సంగతి చెప్పింది. పూర్వం సయాంకు రాజధాని అయుత్థయ. 1767లో బర్మావాళ్ళు దాన్ని నాశనం చేశారు. అంతకుముందు మచిలీపట్నం రేవుకూ ఆ దేశానికీ వర్తకం సాగింది. మన కోరమాండల్ తీరపు అద్దకం బట్టంటే అక్కడి దర్బారులో మహా గౌరవం. తమకు కావలసిన నమూనాలు ఓడల మీద పంపి, వాటి ప్రకారం ఇక్కడ అద్దించి తెప్పించుకునేవారట. ఆ బట్టలకు పేరే "ఫా లాయ్ యాంగ్", అంటే నమూనా ప్రకారం వేసిన బట్ట. మనం దర్జీకి ఆది జాకెట్టు పంపినట్టుగా వాళ్ళు మనకు ఆది పంపేవారన్న మాట. ఇప్పుడు మేము మా బట్ట పట్టుకుని వాళ్ళ ఊరికి వెళ్ళాం. మన ఊరి పనివాళ్ళ చేతి గొప్పతనం పరాయి ఊళ్ళో తెలిసింది.

ఆది జాకెట్టంటే మగవారికి తెలియకపోవచ్చు. దర్జీ దగ్గర కొలతలు ఇవ్వకుండా, సరిపోయిన పాత జాకెట్టు ఒకటి ఇచ్చి "దీని ప్రకారం కుట్టు" అంటారు. మా ఆవిడ ఆది జాకెట్టు 2004లో అమ్మాయి పెళ్ళికి కుట్టించింది. పద్దెనిమిదేళ్ళు పైబడింది. పటమటలో మా దర్జీ దాన్నే చూసి కుట్టేవాడు, కావాలంటే అరంగుళం వదిలేవాడు. ఆ ఆదినే బ్యాంకాక్ కూడా తెచ్చింది. నా చేతికిచ్చి, "దీని ప్రకారం కుట్టమనండి" అన్నది.

దుకాణంలో కొలతలు తీసుకునేది ఒక థాయి ఆవిడ. యాభై ఏళ్ళుంటాయి. ఆ జాకెట్టును చూసి, వెనక్కు తిప్పి, చంక దగ్గర కుట్లు వేలితో చూపించి అమ్మాయితో ఏదో అన్నది. అక్కడ కుట్టు విప్పేసి ఉంది. రెండు పిన్నీసులు కూడా ఉన్నాయి. "కొలత నేనే తీసుకుంటానంటోంది, చేతులు పైకెత్తమ్మా" అన్నది అమ్మాయి.

ఎడమ చెయ్యి లేచింది. కుడి చెయ్యి భుజం దాకా కూడా రాలేదు. మా ఆవిడ నవ్వుతూనే ఉంది గాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కొలిచే ఆవిడ టేపు మెడలో వేసుకుని, మా ఆవిడ చెయ్యి మెల్లగా కిందికి దించి పట్టుకుంది. ఎన్నాళ్ళ నుంచి అని అడిగించింది. "ఏడాది దాటింది" అన్నది మా ఆవిడ.

అయ్యా, నేను ఇరిగేషన్ శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేరి, అసిస్టెంట్ ఇంజనీరుగా రిటైరైనవాణ్ణి. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ గట్ల మీద నడిచి నడిచి ఎం-బుక్కులు నింపాను. నా కొలతల్లో అంగుళం తేడా రాలేదని పై ఇంజనీర్లు మెచ్చుకునేవారు. నలభై అయిదేళ్ళు కాపురం చేసిన మనిషి చెయ్యి పైకి లేవటం లేదని మాత్రం నాకు తెలియదు.

ఆ దుకాణంలో బల్ల మీద కూర్చుంటే ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. వంటింట్లో పై అరలోని డబ్బాలన్నీ ఆవిడ కింద నేల మీదకి దింపుకుంది. ఇల్లు సర్దటం మానేశావని విసుక్కున్నాను. జడ వేసుకోవటం మానేసి ముడి వేసుకుంటోంది. వయసొచ్చింది కదా అనుకున్నాను. రాత్రిళ్ళు కుడిపక్కకు తిరిగి పడుకోవటం లేదు. పెళ్ళిళ్ళకు రానంటే ఓపిక లేదనుకున్నాను. పిన్నీసులు తీసి జాకెట్టు వేసుకోవటానికే అరగంట పట్టేదని నాతో ఎప్పుడూ అనలేదు. ఎందుకు చెప్పలేదని అడిగితే ఒకే మాట అన్నది. "చెబితే ఆసుపత్రి అంటారు, ఖర్చంటారు, కంగారు పడతారు. మీ బీపీ నాకు తెలియదా?"

ఆ కొలిచే ఆవిడ చేసిన పని చెబుతాను వినండి. చంక కింద చిన్న గుడ్డ ముక్క వేసి చేతి గుండ్రం వదులు చేసింది. ముందువైపు హుక్కులకు బదులు పెద్ద నొక్కుడు బొత్తాలు పెట్టింది. కుడి చెయ్యి కాస్త వెడల్పుగా కత్తిరించింది, చూసేవారికి తేడా తెలియదు. రెండు రోజుల తర్వాత పచ్చికుట్టు వేసి తొడిగి చూసింది, మళ్ళీ విప్పింది, మరో రెండు రోజులకు పూర్తి చేసింది. నాలుగు జాకెట్లకూ కలిపి నా సూటు ఖరీదులో నాలుగోవంతు కూడా కాలేదు. మా ఆవిడ గదిలోకి వెళ్ళి, ఎవరి సాయం లేకుండా, ఐదు నిమిషాల్లో తొడుక్కుని బయటికొచ్చింది. ఆ రోజు సాయంత్రం నది మీద పడవలో అమ్మాయితో మాట్లాడుతూనే ఉంది. ఆవిడ అంతసేపు మాట్లాడి ఎన్నాళ్ళయిందో!

తిరిగి వచ్చిన వారంలోనే డాక్టరుగారికి చూపించాం. ఫ్రోజెన్ షోల్డర్, భుజం కీలు బిగుసుకుపోవటం అన్నారు. ఇది షుగరు ఉన్నవారికి ఎక్కువగా వస్తుందని రక్త పరీక్ష చేయించారు. షుగరు ఉన్నట్టు అప్పుడే బయటపడింది. మందులు, ఆహారంలో మార్పు, వ్యాయామం. గోడ మీద వేళ్ళతో మెల్లగా పైకి పాకించటం, తువ్వాలు వెనక పట్టి లాగటం, ఇవన్నీ ఫిజియోథెరపీ వారు నేర్పారు. గోడ మీద పెన్సిలుతో తారీకు వేసి, చెయ్యి ఎంతవరకు అందిందో వారం వారం గీత గీశాను. నా పాత ఉద్యోగం మళ్ళీ వచ్చింది. మంచి గుర్తు పడటానికి పది నెలలు పైగా పట్టింది.

మీకు ఉపయోగపడే నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. మొదటిది, పరదేశంలో బట్టలు కుట్టించుకోవాలంటే ఊరు చేరిన మొదటి రెండు రోజుల్లోనే కొలతలు ఇవ్వండి. కనీసం రెండుసార్లు తొడిగి చూసే వ్యవధి ఉండాలి. ఒక్కరోజులో ఇస్తానన్నవాణ్ణి నమ్మవద్దు. రెండోది, బండివాడు తీసుకెళ్ళిన దుకాణానికి వెళ్ళకండి. డబ్బు సగమే ముందివ్వండి, సరిపోయాకే మిగతాది. మూడోది, మనకు పింఛను తెచ్చిపెట్టిన వయసే మన ఒళ్ళునూ మార్చింది. పాత ఆది ప్రకారం కుట్టించుకుని, బిగుతయితే మనమే సర్దుకుపోవటం మానండి. కొత్తగా కొలిపించుకోండి. అందుకు బ్యాంకాక్ వెళ్ళక్కరలేదు, మన పటమటలోనూ టేపు ఉంది.

నాలుగోది ముఖ్యం. ఈ పూట ఇంటికి వెళ్ళాక మీ ఇంటావిడను రెండు చేతులూ పైకెత్తమని అడగండి. ఆవిడ మిమ్మల్ని కూడా అడగనివ్వండి. లేవకపోతే డాక్టరు దగ్గరకు వెళ్ళండి. ఏటా బ్రతికే ఉన్నామని ప్రభుత్వానికి సర్టిఫికెట్ ఇస్తున్నాం. పక్క మనిషి ఎలా బ్రతుకుతున్నదో ఏడాదికోసారైనా చూసుకోవద్దా?

ఆ ఆది జాకెట్టు ఏమైందని అడుగుతారేమో. దానితో ఇప్పుడు మా ఇంట్లో టీవీ తుడుస్తున్నాం.

అదుగో, మూడో వరసలో మా ఆవిడ ఇక చాలించమని చెయ్యెత్తుతోంది. కుడి చెయ్యే ఎత్తింది, గమనించండి.