కాపుదల నేర్పిన గురువులు



నేటి నా ప్రసంగమునకు విషయము ఆటలలోని రక్షణవిద్య. ఆ విద్యను జీవితమంతయు బోధించిన ఇద్దరు గురువుల చరిత్రను సంగ్రహముగా మనవి చేసెదను. అందొకరు అమెరికావారు, రెండవవారు మన హైదరాబాదువారు.

ఆటల ముచ్చట పెద్దలకేల యని కొందరనుకొనవచ్చును. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో చెడుగుడు చూడని పెద్దలుండరు. కూతకు పోయినవాడు ఇద్దరిని తాకి గీటు చేరినచో ఊరంతయు కేకలు వేయును. వానిని నడుముపట్టి కూత ఆగువరకు నేలను నిలిపినవాని పేరు మరునాటికి ఎవరికిని జ్ఞప్తియుండదు. కృష్ణ కరకట్ట సంగతియు నట్టిదే. కట్టకు గండిపడిన యేడు తరతరములు చెప్పుకొందురు. గండి పడని యేట రాత్రులు లాంతరు పట్టుకొని కట్టను కాచినవారి నెవరును తలపరు. కాపుదల సఫలమైనప్పుడు ఏమియు జరుగనట్లే కనబడును. అందుచేతనే దానికి కీర్తి తక్కువ.

భారతకథ నెరిగిన పెద్దలకు ఈ సంగతి క్రొత్తగాదు. ద్రోణుడు పద్మవ్యూహము పన్నిన నాడు అభిమన్యుడు దానిని చొచ్చెను. మన మా బాలుని శౌర్యమును తలచి కన్నీరు విడుతుము. కాని వాని వెనుక పోవలసిన పాండవులను వ్యూహద్వారమున సైంధవుడొక్కడు నిలిపివేసెను. ధర్మాధర్మవిచారము అటుంచి వ్యూహనీతిని మాత్రము చూచినచో, ఆనాటి ఫలము ఆ వాకిటనే తేలిపోయినది.

అమెరికాలో ఫుట్‌బాలు అను పేర మనమెరిగిన ఆటకంటె వేరైన ఆట గలదు. అందు కోడిగ్రుడ్డువలె కోలగానుండు బంతిని చేతబట్టి పరుగెత్తుదురు, విసరుదురు. కాలితో తన్నుట స్వల్పము. పక్షమునకు 11 మంది. బంతి గలవారు నాలుగు యత్నములలో 10 గజములు ముందుకు సాగవలెను. సాగలేనిచో బంతి ఎదిరివారి వశమగును. వృత్తిగా ఆడు జట్లలో దాడి చేయువారు వేరు, అడ్డగించువారు వేరు. బంతి చేతులు మారినప్పుడెల్ల ఒక దళము వెలికివచ్చి రెండవ దళము లోపలికి పోవును. అందుచేత అడ్డగించు దళమునకు ప్రత్యేకముగా ఒక శిక్షకుడుండును. ఎదిరిజట్టు ఆడిన ఆటల చిత్రములను వారమంతయు పరిశీలించి, ఎవడెచ్చట నిలువవలెనో, ఎవని నెవడు పట్టవలెనో నిర్ణయించి నేర్పుట అతని పని.

ఈ వృత్తిలో బడ్డీ ర్యాన్ అను నాతడు ప్రఖ్యాతి గాంచెను. అతడు కొరియా యుద్ధకాలమున సైన్యమున పనిచేసి, పిమ్మట టెక్సాసులో ఉన్నత పాఠశాలా బాలురకు ఆట నేర్పెను. తరువాత విశ్వవిద్యాలయ జట్లకును, 1968లో న్యూయార్కు జెట్స్ అను వృత్తిజట్టునకును శిక్షకుడయ్యెను. 1969 జనవరిలో ఆ జట్టు, గెలుపు తమదేయని అందరును తలచిన బాల్టిమోరు జట్టును 16-7తో ఓడించెను. 1978లో ర్యాన్ షికాగో బేర్స్ జట్టు రక్షణభారమును వహించెను. బంతి విసరువానిపైకి వాడు ఊహింపనంతమందిని ఒక్కుమ్మడి పంపి, వానికి ఆలోచించు వ్యవధి లేకుండ జేయుట అతని పద్ధతి. 46 అను అంకెగల చొక్కా తొడిగిన డగ్ ప్లాంక్ అను ఆటగాని బట్టి ఆ పద్ధతికి నలువదియారు అని పేరు వచ్చెను.

1981లో జట్టు సరిగా ఆడకపోవుటచే శిక్షకులను తొలగింతురని వదంతి పుట్టెను. అప్పుడు రక్షణదళమువారు యజమానియైన జార్జి హాలాసునకు ఉత్తరము వ్రాసి, తమ గురువును తమకు విడువుమని కోరిరి. హాలాసు ప్రధాన శిక్షకుని మార్చెను గాని ర్యానును ఉంచెను. ఉపాధ్యాయునకు శిష్యులీయగల యోగ్యతాపత్రములలో దీనికి మించినది నాకు తోచదు. 1986 జనవరిలో షికాగో జట్టు 46-10తో జాతీయ విజేతయైనప్పుడు, ఆటగాండ్రు ప్రధాన శిక్షకునితో బాటు ర్యానును గూడ భుజములపై నెత్తుకొని మైదానము దాటించిరి. పిదప అతడు ఫిలడెల్ఫియాలోను, ఆరిజోనాలోను ప్రధాన శిక్షకుడయ్యెను గాని అంతటి ఫలము చేకూరలేదు. ఒక భాగమున ఆరితేరినవాడు సర్వాధిపత్యమున నట్లే రాణించునను నియమము లేదు. అతడు 2016లో గతించెను.

ఇక మనవారి మాట. మన దేశపు ఫుట్‌బాలులో రక్షణకు వేరు గురువు అను ఏర్పాటు ఆనాడు లేదు, అన్నిటికి ఒక్కడే. అట్టివారిలో అగ్రగణ్యుడు సయ్యద్ అబ్దుల్ రహీము. ఆయన 1909లో హైదరాబాదున జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగు చోట్ల పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా నుండెను. పిదప వ్యాయామవిద్యయందును శిక్షణ పొందెను. హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియై, నగర పోలీసు జట్టునకు గురువయ్యెను. ఆయన శిక్షణలో ఆ జట్టు బొంబాయి రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుమారులు గెలిచెను. 1950 నుండి మరణపర్యంతము భారత జట్టు శిక్షకుడుగా ఆయన పేరు దేశమంతట వ్యాపించెను. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో మనవారు ఇరానును 1-0తో గెలిచి స్వర్ణము పొందిరి.

ఆయన బోధనాపద్ధతి యందు బడిపంతులు స్పష్టముగ కనబడును. బంతిని కాళ్ళయొద్ద నుంచుకొని ఒంటరిగా విన్యాసములు చూపు అలవాటు మన బాలురకు మెండు. దానిని మాన్పుటకై ఆయన, బంతిని నిలుపుకొనక వెంటనే తోడివాని కందింపవలెనను నిబంధనతో పోటీలు నడిపెను. వాటము లేని కాలితోనే ఆడవలెనని వేరు పోటీలు పెట్టెను. ఎడమకాలు రానివానికి ఉపన్యాసము చెప్పుటకంటె ఎడమకాలితో తప్ప ఆడరాదను పందెము పెట్టుట మేలని ఎరిగిన గురువు ఆయన. ఎక్కాలు రానివానిని తిట్టుటకంటె వానిచేత అంగడిలెక్క చేయించుట మేలని మా వృత్తివారందరకు తెలిసినదే.

రక్షణవిషయమున ఆయన చేసిన మేలును అంకెలతోనే చెప్పవచ్చును. పూర్వపు ఆటలో వెనుక ఇద్దరు బ్యాకులు, నడుమ ముగ్గురు, ముందు ఐదుగురు నిలిచెడివారు. ఎదిరివారు ఐదుగురు వచ్చి పడినచో వెనుకనున్న ఇద్దరు చాలకుండిరి. 1952లో హెల్సింకి ఒలింపిక్సులో మనవారు యుగోస్లావియాతో ఆడి 10-1తో ఓడిరి. కొందరు ఆ చలిదేశమున బూట్లు లేకయే ఆడిరి. ఆ తరువాత బూట్లు తప్పనిసరి యయ్యెను. కాని లోపము కాళ్ళయందే కాదు, నిలుకడయందును గలదని రహీము గ్రహించెను. ఐరోపావారి వ్యూహములను పరిశీలించి వెనుక బలమును పెంచెను. నలుగురు వెనుక, ఇద్దరు నడుమ, నలుగురు ముందు నుండు క్రొత్త పద్ధతిని మన దేశమున తొలుత బోధించినవారిలో ఆయన యొకడు.

నాలుగేండ్లు గడచెను. 1956లో మెల్బోర్ను ఒలింపిక్సులో మనవారు ఆస్ట్రేలియాను 4-2తో గెలిచిరి. నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు వేసెను. పిదప ఆ యుగోస్లావియాయే మరల ఎదురయ్యెను. ఈసారి ఆట మొదటి సగములో వారికొక్క గోలు గూడ దొరకలేదు. రెండవ సగమున ముందుగా గోలు వేసినది మనవారే. తుదకు 4-1తో ఓడినమాట నిజము. కాని పది గోళ్ళకును నాలుగు గోళ్ళకును నడుమనున్న ఆ ఆరు గోళ్ళు ఎవరి పద్దున వ్రాయవలెను? గోలు వేసినవాని పేరు పత్రికలలో పడును; పడనీయని గోలునకు చిత్రగుప్తుడే లెక్కరాయవలెను. నాటి పోటీలో మనకు నాల్గవ స్థానము లభించెను. 1960లో రోమునందు మనవారు ఫ్రాన్సుతో 1-1గా సరిసమానముగ నిలిచిరి.

ఆయన వృత్తికి పరాకాష్ఠ 1962 జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికి ఆయన దేహమున క్యాన్సరు ప్రవేశించియుండెను. మొదటి ఆటలోనే మనవారు దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిరి. పిదప థాయిలాండును 4-1తో గెలిచిరి గాని, ఆ ఆటలో రక్షణకు స్తంభమువంటి జర్నైల్ సింగు తల పగిలి కుట్లు పడెను. తరువాత జపానును 2-0తో గెలిచిరి. గాయపడినవానిని వెనుక నిలిపినచో తలతో బంతి నాపవలసివచ్చును; మానిపించినచో జట్టు గుండె చెదరును. రహీము అతనిని ముందువరుసకు పంపెను. సెమీఫైనలులో దక్షిణ వియత్నామును 3-2తో గెలిచినప్పుడు జర్నైల్ గోలు వేసెను.

సెప్టెంబరు 4వ తేదీన తుదిపోరు. ఎదిరివారు మొదట మనల నోడించిన కొరియావారే. ఇజ్రాయిలు, తైవాను దేశములను రానీయకపోవుటను మన ప్రతినిధి యొకరు ఆక్షేపించినందున, ప్రేక్షకజనము మనపై ఆగ్రహముతో నుండెను. అట్టి కోలాహలమున పి.కె. బెనర్జీ యొక గోలు, జర్నైల్ సింగు మరియొక గోలు ఆట మొదలైన 20 నిమిషములలోపల వేసిరి. అటుపిమ్మట గంటకు పైగా ఆ గెలుపును కాచుకొనుటయే పని. పొడగరియైన పీటర్ తంగరాజు గోలు కాచెను. అరుణ్ ఘోష్ మొదలగువారు వెనుక నిలిచిరి. కొరియావారికి చివరి నిమిషములలో ఒక్క గోలు మాత్రము లభించెను. 2-1తో స్వర్ణము మనదయ్యెను. సికిందరాబాదు చెంత అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం, హైదరాబాదు వాడైన యూసఫ్ ఖాను ఆ జట్టులోనివారే.

మరుసటి యేడు 1963 జూన్ 11వ తేదీన రహీము పరమపదించెను. ఆయన కుమారుడు హకీము గూడ 1960 ఒలింపిక్ జట్టులోనివాడు. శిక్షకులకు ప్రభుత్వము ద్రోణాచార్య పురస్కారము నేర్పరచినది 1985లో; అప్పటికి ఆయన గతించి 22 ఏండ్లు. 2024లో మైదాన్ అను హిందీ చలనచిత్రము వచ్చిన పిమ్మటనే ఆయన పేరు నేటి యువకులకు తెలిసెను. ఆసియా క్రీడల ఫుట్‌బాలులో 1962 తరువాత మనకు మరల స్వర్ణము రాలేదు. నా మనసును కలచునది ఈ చివరి మాట. ఒక్కని వలన వచ్చిన విద్య ఒక్కనితోనే పోయినచో అది వాని లోపము కాదు. వెనుక నిలువవలసినవారు నిలువకపోవుటయే లోపము. వ్యూహమున రెండవ వరుస లేనట్లే.

గ్రామపెద్దలకు నా మనవి రెండు మాటలు. మొదటిది, బడిస్థలమును గూర్చి. ఆటస్థలము వేసవిలో కళ్ళముగా మారి, పిమ్మట వాములకు నెలవై, తుదకు ఎవరి దొడ్డిలోనో కలసిపోవుట నేను నా ఉద్యోగకాలమున చూచితిని. గండి మొదట ఎలుకబొరియ యంతయే యుండునని కట్టలు కాచువారికి చెప్పనక్కరలేదు. ఊరి బడికి హద్దురాళ్ళున్నవో లేవో ఒకమారు నడచి చూడుడు. రెండవది, ఆటల ఉపాధ్యాయుని గూర్చి. గణితమునకు గంట చాలనప్పుడు తీసికొనునది వ్యాయామపు గంటయే. బడిలో సభ జరిగినప్పుడు కుర్చీలు మోయింప బిలుచునది ఆ ఉపాధ్యాయునే. అతనికి పదిమందిలో ఒక మంచిమాట దక్కునట్లు చేయుడు.

మీ ఊరి పిల్లలు చెడుగుడు ఆడునప్పుడు కూతకు పోయి వచ్చినవానిని మెచ్చుకొనుడు; అది న్యాయమే. తరువాత గీటుకివతల మట్టి దులుపుకొనుచు నిలిచినవానిని గూడ పేరుపెట్టి పిలిచి, నీవు పట్టిన పట్టు చూచితిమి అనుడు. ఆ యొక్క మాటకై వాడు రేపు మరల నిలుచును.

సెలవు.