రాజు ముందు, బంటు వెనుక

మన యిండ్లలో చదరంగము అరుగుమీది ఆట. వేసిన ఎత్తు తప్పని తోచినచో వెనుకకు తీసికొందుము. చూచువారు సలహాలు చెప్పుదురు. పోటీలలో ఈ స్వేచ్ఛ లేదు. ముట్టిన కాయను కదల్పవలసినదే. ప్రక్కన గడియారము కాలమును లెక్కించుచుండును. ఈ జంట గడియారములు 1883లో లండన్ పోటీతో వాడుకలోనికి వచ్చినవి.

ఒక పట్టణపు క్లబ్బు పోటీలో చివరినాడు నేను చూచిన ఆట ఇది. ఆడినవారిరువురును మనవంటి సామాన్యులే. తెల్లకాయలవారు నడివయసు గుమాస్తా. గెలిచినచో ప్రథమస్థానము ఆయనదే. నల్లకాయలవాడు కళాశాల విద్యార్థి. నాలుగు గంటల పోరు పిమ్మట బల్లపై మూడే కాయలు మిగిలినవి: రాజులిద్దరు, తెల్లబంటు ఒకటి.

బంటు తన రాజు వరుసలో ఐదవ గడికి చేరినది. నల్లరాజు అదే వరుస కొసన, తన సొంత గడిలో నున్నాడు. తెల్లరాజు ఆరవ అడ్డువరుసలో, బంటు వరుసకు ఎడమ ప్రక్కన నిలిచియున్నాడు. ఎత్తు తెల్లవారిది. రాజును ఒక గడి కుడికి జరిపి బంటునకు ముందు నిలిపినచో గెలుపు తథ్యము. నల్లరాజు ఒక వైపు తొలగగానే, తెల్లరాజు రెండవ వైపున ఏడవ వరుసకు చొచ్చి బంటునకు దారి కాచును.

కాని గడియారము తరుముచున్నది. గుమాస్తాగారి వేలు బంటును తాకినది. తాకిన మరుక్షణమే తప్పు తెలిసినది, చేయి నిలిచిపోయినది. విద్యార్థి తల వంచి తన కాగితముపై ఎత్తు వ్రాసికొనుచున్నాడు; ఏమియు చూడలేదు. ప్రేక్షకులు నోరు మెదపరాదు. ఆయన ఒక్క క్షణము ఆగి బంటునే ముందునకు జరిపిరి.

ఇపుడు నల్లరాజునకు రెండే గడులు. తెల్లవారి కుడికి పోయిన ఓటమి. అతడు ఎడమకు జరిగి, నడుమ ఒక గడి విడిచి, తెల్లరాజునకు సూటిగా ఎదురు నిలిచెను. బంటు ఏడవ వరుసకు వచ్చి చెక్కు చెప్పగా, మరల దాని ముందు నిలిచెను. ఇక బంటును విడిచినచో అది పోవును. కాపాడినచో నల్లరాజునకు చెక్కు లేదు, కదలుటకు గడియు లేదు. 17, 18 శతాబ్దములలో ఇంగ్లండున నిట్లు కట్టివేసినవానిదే ఓటమి. నేటి నియమమున ఆట సమము, చెరి అరపాయింటు. ప్రథమస్థానము చేజారినది.

బయటికి వచ్చుచు, “అతడు చూడలేదు గదండీ” అంటిని.

“నేను చూచితిని గదా” అనిరి.

శ్రోతలు ఈ మూడు కాయలను ఇంట పేర్చి చూచినచో, రాజు ముందు నడువవలెనను పాఠము పది నిమిషములలో పట్టుపడును. రెండవ పాఠమునకు ఆయనవంటి ప్రత్యర్థి దొరకవలెను.