అద్దకమును కుట్టుపనియు
(సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)

  

నేను పండితురాలను గాను, వక్తను గాను. నలువది యేండ్లుగా రంగుకాగుల యొద్దను సూదిదారముల తోడను కాలము గడపుచున్నదానను. అట్టి నన్ను ఈ వేదిక కెక్కించి, మన వృత్తివిద్యను గూర్చి రెండు మాటలు చెప్పుమనిన పెద్దల యాదరమునకు కృతజ్ఞురాలను. నా గోళ్ళ సందులయందలి నీలిరంగు నేటికిని పోలేదు. అదియే నాకు గల బిరుదము.

మన పూర్వులు అద్దకమును కుట్టుపనిని జీవనాధారముగా గైకొనినవారు. ఆ విద్య యెట్టిదో ముందుగా మనవి చేసెదను. నూలుబట్ట రంగును సులభముగా పట్టదు. ఉట్టి రంగునీటిలో ముంచిన బట్ట రెండు ఉదుకులకే వెలవెల బోవును. కరక్కాయలోని వగరు నూలును పట్టుకొనును. ఆ వగరును పటిక పట్టుకొనును. పటికను రంగు పట్టుకొనును. ఈ మూటి చెలిమి కుదిరిననే రంగు నిలుచును. కిలో బట్టకు నేను 200 గ్రాముల కరక్కాయపొడియు 150 గ్రాముల పటికయు వాడుదును. కలముతో చిత్తరువు వ్రాయవలసిన బట్టయైనచో కరక్కాయనీటిలో గేదెపాలు గలుపుదురు. పాలలోని క్రొవ్వు వలన గీత చెదరకుండును. చిరివేరు ఒక్కటియే పటిక తగిలినచోట ఎఱుపగును. ఇనుము తగిలినచోట ముదురు ఊదాచాయ నిచ్చును.

నీలిమందు నడవడి వేఱు. అది నీటిలో కరుగదు. సున్నమును తగిరిస గింజలును వేసి పులియబెట్టిన తొట్టిలో మాత్రమే కరిగి పసుపుపచ్చనగును. ముంచి తీసిన బట్ట తొలుత ఆకుపచ్చగా గనబడి, గాలి సోకగానే కన్నుల యెదుటనే నీలమగును. ఎన్ని వేలసార్లు చూచినను ఆ క్షణమున నాకు విసుగు పుట్టలేదు.

మన తీరపు అద్దకము ఒకప్పుడు లోకమును భయపెట్టినది. తమ దేశపు నేతగాండ్రకు పని లేకపోవునని 1686లో ఫ్రాన్సు ప్రభుత్వము అద్దకపు బట్టలను నిషేధించెను. 1721లో ఇంగ్లండునందు వానిని ధరించుటయే నేరమని శాసనము చేసిరి. 1742లో క్యుర్దూ అను ఫ్రెంచి పాదిరి ఇచ్చటి అద్దకపువారి నడిగి తెలిసికొని, పని జరుగు క్రమమునంతయు లేఖగా వ్రాసి తన దేశమునకు బంపెను. పరదేశి దానిని కాగితముపై నెక్కించెను. మనము మాత్రము తండ్రి నోటినుండి కొడుకు చెవికి చెప్పుకొనుటతో తృప్తిపడితిమి. 1868లో గ్రేబ్, లీబర్మన్ అను జర్మను శాస్త్రజ్ఞులు చిరివేరులో గల ఎఱుపును రసాయనశాలయందు తయారుచేసిరి. 1897 నుండి కర్మాగారపు నీలిమందు విపణికి వచ్చెను. అంతట చిరివేరు త్రవ్వువారును నీలి పండించువారును క్రమముగా తగ్గిపోయిరి.

ఇక నా సంగతి. మా తండ్రిగారు బందరులో అచ్చుల అద్దకము చేసెడివారు. అప్పటికే మా యింటికి అలిజరిను పొడి వచ్చియుండెను. అయినను మా తాతగారి నాటి చిరివేరు పాళ్ళు తండ్రిగారికి నోటికి వచ్చును. నేను అడిగినప్పుడెల్ల, "ఆడపిల్ల పరాయి యింటికి పోవునది, విద్యయు దానితో పోవును" అనెడివారు. కాగులు తోముట, బట్ట లాఱవేయుట మాత్రమే నా వంతు. విద్య నేర్వవలసిన మా అన్నగారు ఉద్యోగమునకు బోయిరి. తండ్రిగారు గతించిన పిదప పెట్టె తెఱచి చూచితిని. అచ్చులు గలవు, పాళ్ళు లేవు.

నాకు మిగిలినది మా నాయనమ్మ కుట్టిన బొంత యొక్కటి. చినిగిన చీరలను పొరలు పొరలుగా పఱచి, చిన్న చిన్న తిన్నని కుట్లతో ఆమె దానిని గట్టిపఱచినది. అందలి నలుపుగుడ్డలు చివికినవి. ఎఱ్ఱగుడ్డలు ఇంకను నిగనిగలాడుచున్నవి. ఇనుపనీటిలో ఎక్కువసే పుంచిన బట్ట బలము చెడునని నాకు నేర్పిన గురువు ఆ బొంతయే. ఆ ఎఱుపును మఱల రప్పింప మూడేండ్లు పాటుపడితిని. వాననీటిలో కాచిన ప్రతిసారి మట్టిరంగే వచ్చెను. తాతగారు దగ్గఱి చెఱువును విడిచి దూరపు దిగుడుబావి నీరే మోయించెడివారని ఒకనాడు నా కాగులు తోమిన జ్ఞాపకము చెప్పినది. ఆ నీటిలో సున్నపు పాలు హెచ్చు. ఈ వేరు ఎఱుపు విరియుటకు సున్నపు అంశము కావలయును. కాగులో చిటికెడు సుద్ద వేసినంతనే ఎఱుపు విచ్చుకొన్నది. ఆనాడు నేను కాగు ప్రక్కనే కూలబడి యేడ్చితిని.

నాటినుండి దానిమ్మతొక్క, మోదుగపూవు, నీలి, చిరివేరులతో పాతగుడ్డలకు రంగులు వేసి, దారమునకును అవే రంగులు పట్టించి, బొంతలు కుట్టుచున్నాను. రంగు ఎక్కడ మెఱసిన నక్కడ కుట్టు దాని వెంట పోవును. రంగు చెదరినచోట కుట్టు దానికి కట్టగును. ముందుగా గీసికొని కుట్టుట నాకు రాదు.

ఈ సభయం దొక తప్పు ఒప్పుకొనవలసియున్నది. ఒక యేడు నలువది బొంతలకు ఒప్పుకొంటిని. ముసురు పట్టి బట్ట లాఱలేదు. గడువు దగ్గఱపడెను. ఆఱు బొంతలకు పొట్లపు ఎఱుపు వేసి, చెట్టురంగే యని పంపితిని. కొన్న యిల్లాలొకతె దానిని ఉదుకగా ఎఱుపు కారి తెల్లగుడ్డలన్నియు పాడైనవి. ఆమె నన్ను నిందింపలేదు, "మీ చిరివేరునకు ఈ యేడు జబ్బు చేసినదా?" అని మాత్రము వ్రాసినది. ఆ మాట సూదివలె గ్రుచ్చుకొనెను. ఆఱు బొంతలును తెప్పించి సొమ్ము తిరిగి యిచ్చితిని. నాటినుండి నా ప్రతి బొంత అంచున ఒక గుఱుతు కుట్టుచున్నాను: చెట్టురంగైన ఆకు, పొట్లపు రంగైన ముడి.

పొట్లపు రంగు వాడువారిని నేను దూషింపను. దానితో కుటుంబములు పోషించుకొనువారు మనలోనే గలరు. చెట్టురంగులన్నియు నిలుచుననుటయు సత్యము గాదు; పసుపు ఎండకు వెలిసిపోవును. పొట్లపు రంగులందును మేలైనవి గలవు, కీడైనవియు గలవు. 1997లో మన ప్రభుత్వము కొన్ని ఆజో రంగులను నిషేధించినది. నా మనవి యంతయు ఒక్కటియే: దేనికి దాని పేరు పెట్టి అమ్ముదము. చెట్టుపేరు చెప్పి పొట్లము నమ్మిన దినమున, నిజముగా చిరివేరు త్రవ్వి తెచ్చువాని నోటిలో మనమే మట్టి గొట్టినవారమగుదుము.

పెద్దలారా, నావి మూడు కోరికలు. మొదటిది, మీ యిండ్లలో పాళ్ళు తెలిసిన వృద్ధులున్నచో వారి నడిగి, నీరు ఏ బావిదో మొదలుకొని వ్రాసి సంఘమునకు బంపుడు. రెండవది, వసతిగృహపు వెనుకటి ఖాళీస్థలమున నీలియు చిరివేరును దానిమ్మయు నాటింపుడు. ఇసుకనేల చిరివేరునకు ప్రీతి. నీలి ఆకు మురిగి నేలకు ఎరువగును. మూడవది ముఖ్యము: ఈ విద్యను కూతురికిని కోడలికిని, కోరి వచ్చిన పరకులపు బిడ్డకును నేర్పుడు. దాచినచో నిలుచునని మా తండ్రిగారు నమ్మిరి. ఆయన నమ్మకమే పెట్టెను ఖాళీ చేసినది. కులాభిమానమనగా మీసము మెలివేయుట గాదు. చేతిలోని పనిని ఇంకొక చేతిలో పెట్టుట. శ్రీకాళహస్తియందు కమలాదేవి చట్టోపాధ్యాయగారి వంటివారు పూనుకొని శిక్షణ నడిపినందుననే అచ్చటి కలంకారీ మఱల లేచి నిలిచెనని మఱవకుడు.

నాకు తెలిసిన పాళ్ళన్నియు వ్రాసిన పుస్తకమును నేడు కార్యదర్శిగారి చేతి కిచ్చుచున్నాను. సభ ముగిసిన పిదప ద్వారము కడ మా నాయనమ్మ బొంత వ్రేలాడుచుండును. తాకి చూడుడు, చేయి తగిలిన చెడునది గాదు. మీ పిల్లలలో ఒక్కరైనను "ఈ ఎఱుపు ఎట్లు వచ్చినది?" అని యడిగినచో నా రాక సఫలమైనట్లే.