ఇంటి పట్టా, మొదటి బస్సు
(విజయనగరంలో స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భూవినియోగమూ రవాణా కలిపి ఆలోచించాలి అంటే అదేదో ఇంజనీర్ల గొడవ అనుకుంటాం. ఇక్కడి గంటస్తంభం చుట్టుపక్కల నాలుగిళ్లలో అంట్లు తోమే స్త్రీ సంగతి చూడండి. తెల్లవారి ఆరింటికి మొదటి ఇంట్లో ఉండాలి. మధ్యాహ్నం తన ఇంటికెళ్లి పిల్లలకి వండాలి, సాయంత్రం మళ్లీ పనికి రావాలి. ఇల్లు దగ్గరుంటే కాలినడకన అయిపోతుంది. ఇల్లు ఊరి బయటికి పోతే రోజుకి నాలుగు ప్రయాణాలు. పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చే మగవాడి ప్రయాణాన్నే లెక్కేసే ప్రణాళికలో ఈ నాలుగూ కనపడవు.

2020 డిసెంబరు 30న ఈ పట్టణం వెలుపల గుంకలాంలో అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి ఇళ్ల పట్టాలు పంచారు. 397 ఎకరాలు, 12,301 స్థలాలు. పట్టాలు స్త్రీల పేర ఇచ్చారు. ఆస్తిహక్కు కోసం ఇన్నేళ్లుగా మాట్లాడుతున్న మనం దాన్ని తక్కువ చేయకూడదు, నేను చేయను. అయితే ఇంటికి నలుగురనుకున్నా 49 వేల మంది. 2011 జనాభా లెక్కల నాటి ఆమదాలవలస కంటే పెద్ద ఊరు! అంత ఊరు వేసేటప్పుడు బడి, ఆసుపత్రి, రేషను డిపో, బస్సు మలుపు తిరిగే చోటు పట్టాతో పాటే తేలాలి. మన పద్ధతిలో స్థలం ఒక శాఖది, ఇల్లు మరో శాఖది, బస్సు ఆర్టీసీది. ఊరికి ఎంత దూరం పోతే స్థలం అంత చౌక. ప్రభుత్వానికి అక్కడ మిగిలిన డబ్బుని ఆటో కిరాయి రూపంలో, నిద్ర రూపంలో ఆమె కడుతుంది.

పట్టణ ప్రణాళికనూ రవాణానూ విడదీయకూడదని 2006లోనే జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది. చెప్పి ఊరుకుంది. 2023 మేలో శంకుస్థాపన జరిగిన భోగాపురం విమానాశ్రయానికి దారేదని అడగని అధికారి ఉండడు లెండి.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో మనకి ఉచిత ప్రయాణం. పెద్ద ఊరటే. కానీ బస్సు వెళ్లని దారిలో సున్నా టికెట్టు ఎందుకు? షేర్ ఆటోవాడు దాన్ని తీసుకోడు కదా.

చోటు ఎంపికలో జరిగిన పొరపాటు తొందరగా పోదు. శ్రీకాకుళం రోడ్ స్టేషను ఉన్నది ఆమదాలవలసలో. రాత్రి బండి దిగిన ఆడమనిషి అక్కడి నుంచి శ్రీకాకుళం చేరడం ఎలాగన్న ప్రశ్న వందేళ్లు దాటినా అలాగే ఉంది.

అందుకని మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద అభ్యంతరాలు అడిగినప్పుడు రంగుల పటం చూసి భయపడకండి. కొత్త కాలనీ గీసిన ప్రతిచోటా మొదటి బస్సు ఎన్నింటికి, చివరి బస్సు ఎన్నింటికి అని రాసివ్వండి. రసీదు తీసుకోండి.