ఎరుక లెక్కకు అందునా?
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



మాది పావగడ తాలూకాలోని క్యాతగానచెర్లు. వేరుసెనగ పండిన మా చేలను కౌలుకు తీసుకొని, అయిదు గ్రామములలో సుమారు 13,000 ఎకరముల మీద 2,000 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రము కట్టినారు. 2018 నుండి అక్కడ కరెంటు పండుచున్నది. వెలుగు తగిలితే పలకలోని ఎలక్ట్రాన్ కదలును, కరెంటు పారును. ప్రక్కనే గొర్రెలు కాచుకొనే వాని కంటిలోనూ అదే వెలుగు తగిలి అణువు రూపు మారును, నరములో విద్యుత్తు నడచును. ఇంతవరకు రెండూ ఒకటే కథ. అయితే "అబ్బ, ఏమి ఎండరా!" అనుకొనేది వాడొక్కడే. ఆ "అబ్బ" ఎక్కడనుండి వచ్చినది?

మెదడు లెక్క కట్టుచున్నది, ఆ లెక్కయే ఎరుక అని కొందరి వాదము. వాన లెక్క కట్టిన కంప్యూటరు తడవదు కదా అని ఎదుటివారి జవాబు. (మా కరువు సీమలో ఎన్ని లెక్కలు కట్టినా చెరువు నిండలేదు!) కాని కూడికను లెక్క కడితే అది నిజమైన కూడికే. ఎరుక వానవంటిదా, కూడికవంటిదా అనునదే అసలు తగవు.

చిత్తూరు సీమలోని కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారు యంత్రమునకు మనిషి మాట పోల్చుకొనుట నేర్పినవారిలో ముఖ్యులు. 1994లో ట్యూరింగ్ పురస్కారము పొందినారు. నేడు ఫోనే తెలుగులో బదులు చెప్పుచున్నది. అవ్వ "కాళ్లు లాగుచున్నవిరా" అంటే "అయ్యో" అనును. మనుషుల అయ్యోలను లక్షలుగా చదివిన యంత్రము. దాని మాటను బట్టి ఏమీ తేల్చలేము.

అట్లని శాస్త్రమును తోసివేయువారితో మేము ఏకీభవించము. రోడ్డు ప్రమాదములో దెబ్బతిని, పిలిచినా పలుకని 23 ఏండ్ల యువతిని ఇంగ్లండులో ఏడ్రియన్ ఓవెన్ బృందము పరీక్షించినది. టెన్నిసు ఆడుచున్నట్లు, పిమ్మట ఇంటి గదులలో తిరుగుచున్నట్లు ఊహించుకొమ్మన్నారు. ఆరోగ్యవంతుల మెదడులో ఎక్కడెక్కడ కదలిక కనబడునో ఆమెకూ అక్కడే కనబడినది. లోపల మనిషి ఉన్నది! 2006లో వెలువడిన ఈ సంగతి కొలతలు చెప్పినదే. అటువంటి మంచముల ప్రక్కన కూర్చున్నవారికి ఇది చిన్న మాట కాదు.

ఎరుక ఉన్నదని కనుగొనుట ఒకటి, ఎందుకున్నదో చెప్పుట మరొకటి. మెదడులో దాని ఆనవాలు 25 ఏండ్లలో స్పష్టముగా దొరుకునని క్రిస్టాఫ్ కాక్ 1998లో తత్త్వవేత్త డేవిడ్ చామర్స్‌తో పందెము కాచినాడు. 2023లో న్యూయార్కు సభలో ఓటమి ఒప్పుకొని ద్రాక్షసారా సీసాలు చెల్లించినాడు. మా మట్టుకు ఆనవాలు దొరుకుననియే నమ్మకము. అది దొరికిన నాడు కూడ గొర్రెలకాపరి "అబ్బ" మిగిలియుండునని మా అనుమానము.