హనుమంతుడు వరమిచ్చిన సూపర్‌మ్యాన్



సినిమావాళ్లు కామిక్ పుస్తకంలోని వీరుణ్ని ఉన్నదున్నట్టు చూపించాలా, తమకు తోచినట్టు మార్చుకోవచ్చా అన్నది ఈ పూట చర్చ. బొగ్గుబాయిల నడుమ గోదావరిఖనిలో కూర్చుని ఈ గొడవ మనకెందుకంటారా? మనకిది కొత్త గొడవ కాదు.

1980లో వి. మధుసూదనరావు దర్శకత్వంలో ఎన్టీ రామారావు ‘సూపర్‌మ్యాన్’ వచ్చింది. అమెరికా వీరుడు క్రిప్టాన్ అనే గ్రహం నుంచి ఊడిపడ్డాడు. మనవాడికి శక్తులను హనుమంతుడు వరంగా ఇచ్చాడు. నవ్వేవాళ్లు నవ్వుకోనీ, నాకైతే అందులో తప్పు కనిపించదు. గ్రహం సంగతి కంటే ఆంజనేయుడి వరాన్ని మన ప్రేక్షకుడు తేలిగ్గా నమ్ముతాడు. నా పేచీ వేరే ఉంది. ఆ సినిమాను నడిపించేది తల్లిదండ్రుల్ని చంపినవాళ్ల మీద పగ. కన్నవాళ్ల హత్యను కళ్లారా చూసిన అనాథ బ్యాట్‌మ్యాన్ గదా! పేరు ఒకరిది, గాయం ఇంకొకరిది.

మూలానికి కట్టుబడాలనేవాళ్లను ఒకటి అడగాలి: ఏ మూలానికి? 1938లో అచ్చయిన తొలి సూపర్‌మ్యాన్ ఎగరలేడు, ఎత్తుకు దూకుతాడంతే. అతణ్ని కుంగదీసే క్రిప్టోనైట్ 1943లో రేడియో నాటకంలో పుట్టింది. పుస్తకంలోకి 1949లో గానీ రాలేదు. అంటే పుస్తకమే రేడియో దగ్గర అప్పు చేసింది.

మన దగ్గరా కథ మారుతూనే ఉంటుంది, పటం కథలు చూడండి. పటమంటే చేర్యాల నకాషీ చిత్రకారులు ఎర్రటి నేపథ్యం మీద గడులు గడులుగా బొమ్మలు వేసిన పొడవాటి గుడ్డ. కథకుడు పుల్లతో బొమ్మను చూపిస్తూ, పాడుతూ, ఒక్కో గడీ దాటుకుంటూ పోతాడు. కామిక్‌కు ఇంతకంటే దగ్గరి చుట్టం మనకు లేదు. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం చెబుతారు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు పాండవుల కథ చెబుతారు. హాస్యం మారుతుంది, పాట సాగుతుంది, ఎవరూ ఏమీ అనుకోరు. కానీ అక్కడ కూర్చున్నవాళ్లు ఉత్త శ్రోతలు కారు, కథకు హక్కుదారులు. తమ మూలపురుషుడు భావనారుషికి మగ్గం లేకుండా చేస్తే పద్మశాలీలు ఊరుకుంటారా?

సినిమాల సంగతికొస్తే, వ్యాసభారతంలో శశిరేఖ లేనే లేదు. 1957లో ‘మాయాబజార్’ ఆమె పెళ్లినే కథ చేసుకుంది. ఎస్వీ రంగారావు ఘటోత్కచుడు తెర మీదికి వచ్చాక ఆ సంగతి ఎవరికి గుర్తొస్తుంది? అదే 2023లో రామాయణాన్ని తెరకెక్కించిన ‘ఆదిపురుష్’ వచ్చింది. హనుమంతుడి నోట వీధి మాటలు పెట్టారని దుమారం రేగితే నిర్మాతలు సంభాషణలు మార్చారు. దేవుడి నోట వాడుక మాట రావద్దని నేననను. ఒగ్గుకథలో మల్లన్న మన యాసలోనే మాట్లాడతాడు, దండం పెట్టుకుంటాం. అయితే వాల్మీకి కిష్కింధాకాండలో హనుమంతుణ్ని మొదటిసారి కలిసిన రాముడు లక్ష్మణుడితో మెచ్చుకున్నది అతని మాటతీరును. ఆ పాత్రకు ఆయువుపట్టు మాట. సరిగ్గా అక్కడే దెబ్బ పడింది.

అందుకే నా కొలబద్ద ఇది: వేషం మార్చుకోండి, పుట్టుక మార్చుకోండి, ఆయువుపట్టు జోలికి మాత్రం పోకండి.

బొమ్మల కథలు గీసే పిల్లలు ఈ సభలో ఉంటే, సింగరేణి వీరుణ్ని ఒకణ్ని గీయండి. తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు ఎత్తిన పాత ఫిల్లరైనా సరే, ఓపెన్‌కాస్ట్‌లో డంపర్ నడిపేవాడైనా సరే. శక్తి కొమురవెల్లి మల్లన్న ఇచ్చినా, బాయి లోపలి గ్యాస్ పీలిస్తే వచ్చినా మీ ఇష్టం. షిఫ్ట్ ముగించుకుని పైకొచ్చినవాడి రెప్పల అంచున కాటుకలా మిగిలే మసిని మరిచిపోయినా సర్దుకుంటాం. బండ కూలినప్పుడు తోటివాణ్ని లోపల వదిలేసి వచ్చేవాణ్ని గీశారో, ఈ ఊళ్లో ఒక్క కాపీ అమ్ముడుపోదు.

ఇక పత్రాలు మొదలుపెడదాం.