ఐసీయూ నుంచి ఇంటికొచ్చాక
(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం ప్రసంగం)



పొదుపు లెక్కలు విన్నారు. మేము ఒక జరిమానా గురించి చెప్తాం. మూడు మీటింగులకు రాలేదని పోయినేడాది మనలో ఒకామెకు జరిమానా రాశాం. ఆమె ఒప్పుకుంటేనే చెప్తున్నాం. జ్వరం ముదిరి విశాఖలో పదకొండు రోజులు ఐసీయూలో, వెంటిలేటర్ మీద ఉండి వచ్చిన మనిషి. వచ్చిన రోజు 'బతికొచ్చావు, అదే చాలమ్మా' అన్నాం. రెండు నెలలకే మాట మారిపోనాది. 'తిండి తింటాది, ఉభాలకు మాత్రం రాదు' అన్నదీ మనమే. పొదుపు డబ్బు లెక్కపెట్టలేక పక్కామె చేతికిస్తే నవ్వాం.

అది బద్ధకం కాదు. ఇన్ఫెక్షన్‌తో పోరాడబోయి ఒళ్లు తన అవయవాలనే దెబ్బతీసుకుంటే సెప్సిస్ అంటారు. స్క్రబ్ టైఫస్, న్యుమోనియా, మూత్రంలో ఇన్ఫెక్షన్, కాన్పు తర్వాత జ్వరం, దేన్నుంచైనా రావచ్చు. 2017లో ప్రపంచంలో 4 కోట్ల 90 లక్షల మందికి వచ్చిందని, 1 కోటి 10 లక్షల మంది పోయారని అంచనా. మిగిలినవాళ్లు ఎలా ఉన్నారని ఎవరడిగారు? ఐసీయూలో పది రోజులకే తొడ కండ ఆరో వంతుకు పైగా తరిగిపోతుందని లండన్‌లో కొలిచి చూసి 2013లో చెప్పారు. మతిమరుపు, భయం, పీడకలలు కొందరికి నెలలు, కొందరికి ఏళ్లు ఉంటాయి. ఈమెకు రాత్రిళ్లు ఎవరో చేతులు కట్టేస్తున్నట్టు ఉండేది. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. పాపం, వాళ్లకెవరు చెప్పారు గనక!

మొదటి మూడు నెలలు మళ్లీ ఇన్ఫెక్షన్ వచ్చే భయం ఎక్కువ. చలిజ్వరం, ఆయాసం, మూత్రం తగ్గడం, మాట తికమక కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చెయ్యండి. డిశ్చార్జి కాగితం చేతిలో పట్టుకెళ్లండి. రోజూ నాలుగడుగులు ఎక్కువ నడిపించండి. గుడ్డు, పప్పు, చోడి అంబలి పెట్టండి. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకైతే డాక్టర్ని అడిగే పెట్టాలి.

ఇక కిస్తీ. ఒకామె తప్పితే సంఘం మొత్తానికి నష్టమన్న భయం అబద్ధం కాదు. ఆ భయంతోనే అంత కటువుగా ఉన్నాం. అందుకే మా ప్రతిపాదన: ఐసీయూ నుంచి వచ్చినామెకు ఆరు నెలలు జరిమానా ఉండదు. ఆమె కిస్తీ సంఘం సొంత పొదుపులోంచి కట్టి, కోలుకున్నాక కొద్దికొద్దిగా తీసుకుందాం. ఆ పాత జరిమానా ఈరోజే తిరిగిచ్చేద్దాం. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి.

ఆమె ఇక్కడే ఉంది. మీటింగు పొడుగైతే మధ్యలో లేచెళ్తాది. ఎందుకని అడగొద్దు.